ఏది చవకో పట్టిక వేస్తే తెలుస్తుంది

ఆవకాయల కాలం దగ్గరపడితే గుంటూరు, బెజవాడ ఇళ్లలో ఎండుమిర్చి బేరాలు మొదలవుతాయి. పేపర్లో మిర్చి యార్డు ధర క్వింటాకి వేస్తారు, కొట్టులో కిలోకి చెబుతారు. క్వింటా 18,500 అంటే కిలో 185. అయితే అది టిక్కీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) కొనేవాళ్ల ధర, దాన్ని పట్టుకుని కొట్టువాడితో వాదించి లాభం లేదు. రెండు కొట్ల ధరలు పక్కపక్కన రాసుకోవడం మేలు. (కింది ధరలు లెక్క కోసం వేసుకున్నవి, ఇవాళ్టి రేట్లు కావు.)

తొడిమ కాయ: 2 కిలోలు 440 | 3 కిలోలు 660 | 5 కిలోలు 1,100
తొడిమ తీసిన కాయ: 2 కిలోలు 490 | 3 కిలోలు 735 | 5 కిలోలు 1,225

ప్రతి గడిలోనూ రూపాయలను కిలోలతో భాగించండి. మొదటిదాంట్లో ఎక్కడ చూసినా 220, రెండోదాంట్లో 245. అన్ని గడుల్లోనూ ఒకటే వస్తోంది కాబట్టి ఇది అనులోమానుపాతం, అంటే కిలోలు ఎన్ని రెట్లు పెరిగితే ధరా అన్ని రెట్లే పెరుగుతుంది. ఒక కిలో ధర కనుక్కుని కావలసినన్ని కిలోలతో గుణించే ఏకవస్తు పద్ధతి నిక్షేపంగా పనిచేస్తుంది. కిలోకి 25 తేడా, తొడిమ కాయే చవక అనిపిస్తుంది.

కానీ మరకి వెళ్లేది తొడిమ కాదు. ఎండలో పోయే తేమ రెండింటికీ ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. తొడిమలూ తాలుకాయలూ ఏరేశాక 5 కిలోలు 4.5 కిలోలకు దిగాయనుకోండి. 1,100ని 4.5తో భాగిస్తే కిలో దాదాపు 244.44. ఆ పాతిక రూపాయల తేడా అర్ధరూపాయికి వచ్చింది, తొడిమలు తీసిన చాకిరీ అదనం. 4.4కి దిగితే సరిగ్గా 250, అంటే తొడిమ తీసిన కాయే చవక. తరుగు సరుకుని బట్టి మారుతుంది. అందుకే ఒక కిలో తెచ్చి, ఏరి, తూకం వేసి చూసుకోవాలి. పట్టికలో ‘చేతికొచ్చింది’ అని ఒక గడి పెంచుకుని, ధరని దానితోనే భాగించాలి.

మర దగ్గర లెక్క వేరేగా తిరుగుతుంది. పక్కవీధి మర కిలోకి 40 తీసుకుంటుంది. ఇంకో మరవాళ్లు ఇంటికొచ్చి పట్టుకెళ్లి, ఆడించి తెచ్చిస్తారు:

2 కిలోలు 120 | 4 కిలోలు 180 | 6 కిలోలు 240

భాగిస్తే 60, 45, 40. గడిగడికీ మారుతోందంటే ఇందులో కిలోలతో సంబంధం లేని డబ్బు ఏదో కలిసి ఉంది. ఇక్కడ భాగహారం ఆపి తేడాలు చూడాలి. 2 కిలోలు పెరిగినప్పుడల్లా 60 పెరుగుతోంది, అంటే ఆడించే ధర కిలోకి 30. రెండు కిలోలకు 60 పోగా మిగిలిన 60 రానూపోనూ ఖర్చు. మొదటి గడి చూసి ‘కిలోకి అరవయ్యా!’ అని వదిలేసినవాళ్లూ, 30 అని విని ఆ రానూపోనూ ఖర్చు మరిచినవాళ్లూ ఇద్దరూ తప్పే. ఆరు కిలోల దగ్గర రెండు మరలూ 240తో సమానం. అంతకు తక్కువైతే పక్కవీధి, ఎక్కువైతే ఇంటికొచ్చే మర. ఏ మర చవక అన్న ప్రశ్నకు ఎన్ని కిలోలో చెప్పకుండా జవాబు లేదు.

నూనె డబ్బాల్లో కొలతే మారిపోతుంది. 15 లీటర్ల డబ్బా 2,100, 15 కిలోల డబ్బా 2,250 అనుకుందాం. 140, 150 అని పోల్చేస్తే తప్పు, ఒకటి లీటరుకి, ఒకటి కిలోకి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కాబట్టి కిలో 150ని 0.91తో గుణిస్తే లీటరుకి 136.50. పైకి ఖరీదుగా కనిపించిన కిలోల డబ్బాలోనే లీటరుకి మూడున్నర మిగులుతుంది.

ప్యాకెట్ మీద యూనిట్ ధర అచ్చేస్తున్నారు కదా, మనకెందుకీ లెక్క అనొచ్చు. కిలో లోపు ప్యాకెట్లకు అది గ్రాముకి వేస్తారు, రెండు దశాంశ స్థానాలకు సవరించి. 500 గ్రాములు 93 రూపాయలైతే గ్రాము 0.186. 250 గ్రాములు 48 అయితే 0.192. రెండింటి మీదా 0.19 అనే ఉంటుంది. కిలోకి లెక్కేస్తే ఒకటి 186, ఇంకొకటి 192. అలా 0.19 అని కనిపిస్తే అసలు ధర కిలో 185 నుంచి 195 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. చిన్న ప్యాకెట్లు పోల్చేటప్పుడు ఆ అంకె వదిలేసి, 250 గ్రాముల ధరని నాలుగుతో, 500 గ్రాములదాన్ని రెండుతో గుణించుకోండి.

ఆకుకూర కట్టలకు మాత్రం ఒక జాగ్రత్త. ఇరవైకి మూడు, ముప్పైకి ఐదు అన్నప్పుడు కట్టలను రూపాయలతో భాగిస్తే పెద్ద అంకె వచ్చినవాడే చవక, రూపాయలను కట్టలతో భాగిస్తే చిన్న అంకె వచ్చినవాడు. రెండు బేరాలకూ భాగహారం ఒకే వైపు చేయాలి. ఇక్కడ కట్ట 6.67, 6.00. రెండోవాడి కట్ట సన్నగా లేకపోతేనే సుమా.