గడ్డ ఉందని నేను చెప్పాను

2023లో కోటప్పకొండ తిరునాళ్ళ అయిన వారం గుంటూరులో ఒక ఆసుపత్రిలో మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకున్నాను. ఎడమ రొమ్ములో చంక వైపు గట్టిగా చేతికి తగులుతోందని తీసే అమ్మాయికీ చెప్పాను, రిపోర్టు చూసిన డాక్టరు గారికీ చెప్పాను. "బైరాడ్స్ 2 వచ్చిందమ్మా, అంటే క్యాన్సర్ అనుమానమేమీ లేదని, భయపడాల్సిందేమీ లేదు. ఈ వయసులో హార్మోన్ల వల్ల అలా గట్టిపడుతుంది. ఏడాది తర్వాత రండి" అన్నారు. నాకప్పుడు నలభై ఆరేళ్ళు. ఆవిడ చేత్తో నొక్కి చూడలేదు.

దసరా సెలవుల్లో అదే చోట చర్మం లోపలికి లాగినట్టు కనిపించింది. మావారు విజయవాడ సూర్యారావుపేటలో వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ముందు చేత్తో చూసి, వెంటనే అల్ట్రాసౌండ్‌కి పంపి, మర్నాడే బయాప్సీ చేయించారు. క్యాన్సరే. చంకలోని గ్రంథికి కూడా పాకింది.

రిపోర్టు చేతికొచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. వారధి దాటాం, మంగళగిరి దాటాం, కాజ టోల్‌గేట్ దాటాం, "గడ్డ ఉందని నేను చెప్పాను కదండీ" అని అదే మాట అంటూనే ఉన్నాను. "చెప్పావు. నేను పక్కనే ఉన్నాను" అన్నారాయన. ఆ మాట నాకెంత అండగా నిలిచిందో ఆయనకి ఇప్పటికీ తెలియదేమో.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఎర్ర మందు ఎక్కించాక నోరంతా పూసి, పెరుగన్నం తప్ప ఏదీ దిగేది కాదు. అది మందులతో తగ్గింది. పోయిన ఆ ఏడెనిమిది నెలల ఆలోచన మాత్రం వదల్లేదు. ఉగాదికి ఎంత ఉండి ఉంటుంది, మా అమ్మాయి ఇంటర్ రిజల్ట్స్ వచ్చేనాటికి ఎంత పెరిగి ఉంటుంది అని రాత్రిళ్ళు లెక్కలు కట్టేదాన్ని. చుట్టాల్లో కొందరు తలరాత అన్నారు. ఇంకొందరు "అప్పుడే ఇంకో చోట చూపించుకోవాల్సింది" అన్నారు. తలరాత అన్నా ఓర్చుకున్నాను. రెండో మాట ఇప్పటికీ మింగుడుపడదు. నార్మల్ అని డాక్టరు చెబితే నమ్మడం నేరమా?

కీమో మధ్యలో మావారు వెళ్ళి పాత ఫిల్ములు అడిగారు. రేపు, ఎల్లుండి అని తిప్పారు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. ఆ సంగతి అర్జీలో రాసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాకే ఇచ్చారు.

వాటిని వేరే రేడియాలజిస్టుకి చూపించాం. ఆయన చాలాసేపు చూశారు. "చోటు తెలిసి చూస్తున్నా నాకూ కనపడటం లేదమ్మా. మీ రొమ్ము కణజాలం దట్టంగా ఉంది. ఫిల్ములో అదీ తెల్లగానే ఉంటుంది, గడ్డా తెల్లగానే ఉంటుంది. పత్తి కుప్పలో తెల్లదారం వెతికినట్టే. కానీ చేతికి గడ్డ తగులుతున్నప్పుడు ఫిల్ము బాగుందని వదిలేయకూడదు. అల్ట్రాసౌండ్ చేయాలి, అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షకి పంపాలి" అన్నారు.

దట్టంగా ఉన్న సంగతి నా పాత రిపోర్టులోనే ఉంది, 'ఏసీఆర్ టైప్ సి' అని. అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పలేదు. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి రొమ్ము దట్టంగా ఉందో లేదో ప్రతి మామోగ్రామ్ సెంటరూ ఆ మనిషికి రాసి ఇవ్వాలట, న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు చెప్పింది. మనకీ అలా తెలుగులో ఒక్క వాక్యం రాసిస్తే ఎంత మేలు!

ఆ రోజుతో ఫిల్ము చదివినవాళ్ళ మీద కోపం పోయింది. నా మాట విని కూడా చెయ్యి పెట్టి చూడనందుకు మాత్రం ఉంది. గడ్డ తగులుతోందని చెప్పినవాళ్ళకి ఆ రోజే అల్ట్రాసౌండ్ చేయండని ఆ ఆసుపత్రికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

చివరికి నా క్యాన్సర్ డాక్టరునే అడిగేశాను, అప్పుడే పట్టుకుని ఉంటే చంకలోకి పాకేది కాదా అని. "చెప్పలేనమ్మా. అప్పటికే పాకి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆలస్యం మాత్రం జరిగింది. జరగకూడదు" అన్నారు. ఒక డాక్టరు నోట ఆ మాట విన్నాక ఆ రాత్రి చాలా రోజులకి నిద్ర పట్టింది.

ఇప్పుడు క్యాన్సర్ మళ్ళీ రాకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఏడాదికోసారి మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ కూడా చేస్తున్నారు. ఆ వారమంతా టెన్షనే, ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేను. మొన్న మా ఆడపడుచుకి గడ్డ తగిలితే, మామోగ్రామ్ నార్మల్ అని పంపించేశారట. మర్నాడే వెంటబెట్టుకుని కొత్తపేట వెళ్ళి అల్ట్రాసౌండ్ చేయించాను. నీటి తిత్తి అని తేలింది. "అనవసరంగా నిన్ను తిప్పాను వదినా" అని ఆమె నొచ్చుకుంటే, ఆటో ఎక్కేదాకా గట్టిగా పోట్లాడాను.