పన్నెండు వారాల దుంపల లెక్క: విజయనగరం వంటింటి నోట్సు

వంట నాకు సరదా. ఆదివారం ఉదయం కంటోన్మెంటు రైతుబజారుకి వెళ్లి సంచీ నింపుకొచ్చి, ఆ పూటకి ఒక్క కూరైనా కొత్తగా చేసి, ఎంత వేశానో ఎలా కుదిరిందో పుస్తకంలో రాసుకుంటాను. ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను. 2025 సెప్టెంబరులో ఆ పుస్తకం దారి మారింది. రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 5.9, పరగడుపు షుగరు 106 వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది. మా అత్తయ్యకి పదిహేనేళ్లుగా షుగరు, మా అమ్మకీ ఉంది. మూడు నెలలు తిండి సరిచూసుకుని మళ్లీ రమ్మన్నారు డాక్టరుగారు.

అదే సమయంలో బంగాళాదుంపల మీద ఒక పరిశోధన చదివాను. 2025 ఆగస్టులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, హార్వర్డ్ వాళ్లు చేసింది. అమెరికాలో నర్సులు, ఇతర వైద్యరంగం వాళ్లు కలిపి 2,05,107 మందిని దాదాపు నలభై ఏళ్ల పాటు నాలుగేళ్లకోసారి తిండి వివరాలడుగుతూ గమనించారు. అందులో 22,299 మందికి టైప్ 2 షుగరు వచ్చింది. వారానికి మూడుసార్లు ఫ్రెంచ్ ఫ్రైస్ తినేవాళ్లలో షుగరు ముప్పు 20 శాతం ఎక్కువగా కనిపించింది. దుంపలు ఉడకబెట్టినవి, కాల్చినవి, మెత్తగా మెదిపినవి తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చదివాక నా వేపుడు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేశాను.

మొదటి వారం (సెప్టెంబరు 14 నుంచి)

ఏమీ మార్చకుండా, ఎన్నిసార్లు తింటున్నామో లెక్కపెట్టాను. ఆదివారం పప్పులోకి దుంపల వేపుడు. మంగళవారం పిల్లాడి క్యారేజీలో అదే, మిగిలింది నా కంచంలోకి. బుధవారం స్టాఫ్‌రూమ్‌లో సమోసా. గురువారం గంటస్తంభం దగ్గర ఆగి బంగాళాదుంప బజ్జీలు. శనివారం సినిమా చూస్తూ చిప్స్ పొట్లం. వారానికి ఐదుసార్లు! వేపుడు ఆదివారమే కదా అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కూరగా తింటేనే మన మనసు లెక్కేస్తుంది. బండి దగ్గర తిన్నది, పొట్లంలోంచి తిన్నది లెక్కలోకి రాదు.

గ్లూకోమీటరు కొన్నాను. స్ట్రిప్పులు 50ది ఒక డబ్బా, 25ది ఒకటి, రెండూ కలిపి 1,300 రూపాయలయ్యాయి. మొదటి రోజే 212 చూపించి గుండె ఆగినంత పనైంది. అంతకు రెండు నిమిషాల ముందు పిల్లాడికి అరటిపండు ఒలిచిచ్చాను. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని మళ్లీ పొడిస్తే 124. ఎవరైనా ఇంట్లో చూసుకునేటట్టయితే ఇది గుర్తుపెట్టుకోండి: వేలికి పండు జిగురు రవ్వంత అంటుకున్నా మీటరు దాన్ని రక్తంలో చక్కెర కిందే లెక్కేస్తుంది. ఇంకొకటి, సూది వేలి కొన మధ్యలో గుచ్చితే రెండ్రోజులు సలుపుతుంది. పక్కన గుచ్చాలి.

రెండో వారం: నూనె ఎక్కడికి పోతోంది

ఇది నాకు ఎంతో నచ్చిన ప్రయోగం. వంటింటి కాటా మీద మూకుడు పెట్టి సున్నా చేసి, 600 గ్రాముల వేరుశనగ నూనె పోశాను. అరకిలో దుంపలు చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, నీళ్లలో కడిగి గుడ్డ మీద ఆరబెట్టాను. మూడు వాయిల్లో వేయించి చిల్లుల గరిటెతో దేవి తీశాను. చివర్లో ముక్కల చుట్టూ బుడగలు నెమ్మదిస్తాయి, చప్పుడు సన్నబడుతుంది. అంటే ముక్కలో నీరు అయిపోవస్తోందన్నమాట. పచ్చిదుంపలో ఎనభై శాతం దాకా నీరే. ఆ నీరు ఆవిరై వెళ్లిన చోట్లలోకి నూనె చేరుతుంది.

చల్లారాక తూచాను. మూకుట్లో మిగిలిన నూనె 541 గ్రాములు. గరిటెకీ కాగితానికీ అంటింది ఆరు గ్రాములు. అంటే 53 గ్రాములు కూరలోకి వెళ్లింది. అరకిలో దుంపలు వేగాక 290 గ్రాములయ్యాయి. గ్రాము నూనెకి 9 కేలరీల చొప్పున నూనె నుంచే 477. అరకిలో పచ్చిదుంపలు మొత్తం కలిపి ఇచ్చేది 385. దుంపల కూర అని పేరు పెట్టుకుని దుంప కంటే నూనె కేలరీలే ఎక్కువ తింటున్నాం. ఆ అంకె కింద రెండు గీతలు గీసుకున్నాను.

అదే అరకిలో ముక్కల్ని ముప్పాతిక వంతు ఉడికించి, ఇనప మూకుట్లో మూడు చెంచాల నూనెతో సన్నసెగ మీద ఇరవై నిమిషాలు కదపకుండా, మధ్యలో రెండుసార్లు మాత్రం తిరగేసి చేస్తే నూనె ఖర్చు 14 గ్రాములు. పైన ఎర్రగా వేగింది, లోపల మెత్తగా ఉంది. అత్తయ్యది ఆమదాలవలస దగ్గర. ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఏపుడు కాదే అమ్మాయ్ ఇది, ఇగురు" అన్నారు. ఆవిడ మాట నిజమే. నాన్‌స్టిక్ పాన్‌లో ప్రయత్నించిన రోజు ఇంకా చప్పగా వచ్చింది. ఇనప మూకుడే పట్టుకోవాలని అప్పుడే ఖాయం చేసుకున్నాను.

మూడు నుంచి ఐదో వారం: మీటరు నన్ను దారి తప్పించింది

ఒకే కొలత పెట్టుకున్నాను: 150 గ్రాముల అన్నం, 200 గ్రాముల పచ్చిదుంపల కూర. ఒక్కో రకం మూడేసిసార్లు. ఇంటి మీటర్లలో 15 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి ఒక్కసారి చూసి మాట్లాడకూడదు. సగటులు ఇవీ:

దేవిన వేపుడుతో: గంటకి 158, రెండు గంటలకి 141, మూడు గంటలకి 137.
వేడివేడి ఉడికించిన కూరతో: 176, 138, 108.

మొదటి గంట అంకె చూసి మా వారు, "చూశావా, వేపుడే నయం" అన్నారు. నాకూ అలాగే అనిపించి రెండ్రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత మూడో గంట వరుస చూశాను. కూర తిన్న రోజు దిగిపోయింది. వేపుడు తిన్న రోజు పైనే నిలబడింది. కొవ్వు ఎక్కువైతే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. చక్కెర ఒక్కసారిగా లేవదు, అలాగని త్వరగా దిగదు కూడా. రెండు గంటలకే మీటరు మూసేస్తే వేపుడు మంచి పేరు కొట్టేస్తుంది.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆ పరిశోధనలో చూసింది ఒక పూట షుగరు కాదు, ఏళ్ల తరబడి అలవాటు. వేపుడు తరచు తింటే కేలరీలు పెరుగుతాయి, నడుం పెరుగుతుంది, ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. బరువు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ 20 శాతం తేడా మిగిలిందట. నా వేలి చుక్క దాన్నెలా పట్టుకుంటుంది? అందుకని ఐదో వారం నుంచి మీటరుని రెండో స్థానంలో పెట్టి, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని గ్రాముల నూనె, నడుం ఎన్ని అంగుళాలు అన్న మూడు గడులు గీసుకున్నాను.

20 శాతం అనగానే నూటికి ఇరవైమందికి షుగరు వచ్చేస్తుందని మా స్టాఫ్‌రూమ్‌లో కంగారుపడ్డారు. అలా కాదు. మామూలుగా నూటికి పదిమందికి వచ్చే చోట పన్నెండు మందికి వస్తుందనుకుంటే అదీ 20 శాతం ఎక్కువే. పైగా అది పోలిక చూసిన పరిశోధన. వేపుడే కారణమని తేల్చి చెప్పలేదు. అందులో ఉన్నవాళ్లు చాలామంది తెల్లవాళ్లు, మన కంచం వాళ్లది కాదు. అయినా ఇంటినిండా షుగరున్న నాలాంటిదానికి ఆ రెండు తలలు చిన్నవి కావు.

నాలుగో వారంలోనే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు తొలేళ్ల నుంచే ఇంటినిండా చుట్టాలు. ఆ వారం ఏమీ తూచలేదు, నాలుగుసార్లు వేపుడు తిన్నాను. పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాను.

ఆరు, ఏడు వారాలు

దుంపలు ముందురోజు రాత్రి ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు రెండు చెంచాల నూనెతో వేయించడం మొదలుపెట్టాను. ఉడికి చల్లారిన పిండిపదార్థంలో కొంత భాగం గట్టిపడి త్వరగా అరగని రకంగా మారుతుంది. మళ్లీ వేడి చేసినా అది పూర్తిగా పోదు. రుచిపరంగా నాకు దొరికిన లాభం వేరు: చల్లారిన ముక్క విరగదు, అంచులు కరకరలాడతాయి. చివర్లో చెంచాడు శనగపిండి, వెల్లుల్లి కారం చల్లితే అత్తయ్య ఈసారి రెండోసారి వడ్డించుకున్నారు. ఇగురు అన్న మాట రాలేదు.

పచ్చి దుంపల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లదనానికి పిండి చక్కెరగా మారుతుంది, మూకుట్లో పడగానే నల్లబడుతుంది. బజారులో తెచ్చిన దుంప ఉడికించాక తియ్యగా ఉంటే అది కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిందని నేను అనుకుంటాను. కొన్ని రోజులు గాలి తగిలే బుట్టలో, వెలుతురు లేని మూల ఉంచితే కొంత సర్దుకుంటుంది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. ఆ వారం వానలకి ఇంట్లో దుంపలు, ఉల్లిపాయలు తప్ప మరేం లేవు. నాలుగు పూటలు దుంపలే వండాను. ఒక్కటీ దేవిన వేపుడు కాదు.

ఎనిమిది నుంచి పదకొండో వారం: అన్నం సంగతి

పరిశోధనలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ భాగం. ఫ్రెంచ్ ఫ్రైస్ మానేసి ఆ బదులు పొట్టుతో ఉన్న ధాన్యం తింటే ముప్పు 19 శాతం తగ్గొచ్చని లెక్క తేలింది. దుంపల బదులు తెల్లన్నం తింటే మాత్రం ముప్పు పెరిగే వైపే ఉంది. అంటే వేపుడు మానేసి, ఆ వెలితికి ఇంకో గరిటెడు అన్నం పెట్టుకుంటే నాకు ఒరిగేదేమీ లేదు. మనం అసలు దుంపల వేపుడుని అన్నం మీదే తింటాం. పిండి మీద పిండి, పైన నూనె.

అందుకని దుంపలు వండిన పూట అన్నం సగం చేసి, మిగతా సగం గంటి (సజ్జ) అన్నం పెట్టాను. పక్కన చిక్కుడుకాయో బీరకాయ పప్పో ఉండాలి. ఈ కంచానికి మీటరు: 149, 121, 101. గంటెలు ముందురోజు నానబెట్టి, రవ్వలా విరగగొట్టి, ఒకటికి మూడున్నర నీళ్లతో కుక్కర్లో నాలుగు విజిల్స్ వస్తే సరిపోతుంది. అత్తయ్య చిన్నప్పుడు ఇంట్లో రోజూ ఇదేనట. "పేదోళ్ల కూడు అని మానేసినాం, ఇప్పుడు డాక్టర్లు తినమంతన్నారు" అన్నారు, ముద్ద కలుపుకుంటూ. చోడి (రాగి) అంబలి మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. పల్చగా కాచి తాగితే గంటకి 171 చూపించింది. మెత్తటి పిండి, త్వరగా అరిగిపోతుంది. ఇప్పుడు గట్టిగా తోప (సంకటి) చేసి పప్పుతో తింటున్నాం.

కార్తీక వనభోజనాలకి ఇరవైమందికి దుంపల కూర నేనే పట్టుకెళ్లాను. అల్లం, పచ్చిమిర్చి, టమాటా వేసిన ఉడికించిన కూర. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

పన్నెండో వారం

హెచ్‌బీఏ1సీ 5.7. పరగడుపు 99. బరువు 2.3 కిలోలు తగ్గింది, నడుం ఒకటిన్నర అంగుళం. రోజూ సాయంత్రం అయ్యకోనేరు చుట్టూ నలభై నిమిషాలు నడిచాను కూడా, కాబట్టి ఇందులో దుంపల వాటా ఎంతో విడదీసి చెప్పలేను. దేవిన వేపుడు వారానికి ఐదు నుంచి ఒకటికి వచ్చింది. ఆ ఒక్కటీ ఆదివారం, ఇంట్లోనే, తాజా నూనెలో. మిగిలిన నూనె రెండ్రోజుల్లో తాలింపులకి వాడేస్తాను, మళ్లీ మూకుట్లో మరిగించను. గంటస్తంభం బజ్జీలు నెలకోసారి.

అత్తయ్య మందుల మీద ఉన్నారు కాబట్టి ఆవిడ తిండి మార్పులన్నీ డాక్టరుగారిని అడిగాకే చేశాం. మాత్రలు వేసుకునేవాళ్లు అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగరు పడిపోయే ప్రమాదముంది.

డబ్బాలో ఇంకా తొమ్మిది స్ట్రిప్పులున్నాయి. నా డబ్బా మూత తీశాక మూడు నెలల్లో వాడేయాలి, గడువు దగ్గర పడింది. నిన్న అత్తయ్య చేమదుంపలు తెప్పించారు. రాత్రి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇవాళ పొద్దున్న చూస్తే కాటా పొయ్యి పక్కన పెట్టి ఉంది, దాని మీద ఖాళీ మూకుడు. "సున్నా చేసేసినానే, నూనె నువ్వు పొయ్యి" అన్నారు.