మంగళవారం మేమే గెలిచాం

2025 సెప్టెంబరు 2, మంగళవారం. మరునాడు లెక్కల పరీక్ష ఉందని తెలిసి కూడా మా అమ్మాయిని పిట్స్‌బర్గ్‌లోని మా బేస్‌బాల్ మైదానం, పీఎన్‌సీ పార్కుకు తీసుకెళ్లాను. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు ఊళ్లోకి వచ్చింది మరి. వాళ్ల నాన్నకు మాత్రం కారణం అలా చెప్పలేదు. "ఎండ తగ్గింది, పిల్లకు కాస్త గాలి తగులుతుంది" అన్నాను. ఆయన నమ్మలేదు.

మేం ఎప్పుడూ పై అంతస్తులోనే కూర్చుంటాం. టికెట్ చవక, పైగా అక్కడినుంచి అలెఘెనీ నది, దాని మీద పసుపు రంగు క్లెమెంటె వంతెన, అవతలి ఒడ్డున ఊరి భవనాలు అన్నీ ఒక్క చూపులో పడతాయి. మామూలు మంగళవారాల్లో మా వరుసలో ఉండేది మేమిద్దరం, ఒక పెద్దాయన, ఆయన చెవి దగ్గర పెట్టుకునే రేడియో. ఆ రోజు వరుసంతా నిండిపోయింది. ఎటు చూసినా డాడ్జర్స్ నీలం చొక్కాలు, వాటి వీపుల మీద వాళ్ల తార షోహెయ్ ఓటాని అంకె 17. పెద్దాయన రేడియో ఒళ్లో పెట్టుకుని, పెళ్లివారి విడిదిలో చోటు దొరకని చుట్టంలా ముడుచుకుని కూర్చున్నాడు.

ఓటాని కొట్టిన హోమ్ రన్‌ను నేను చూశానని చెప్పలేను. విన్నాను. గాలికి తలుపు ధభాలున మూసుకున్నట్టు ఒక్క చప్పుడు. తల ఎత్తేసరికి బంతి గోడ దాటిపోయింది. గంటకు 120 మైళ్ల వేగమట. అంత గట్టిగా అతను అంతకు ముందెప్పుడూ కొట్టలేదట. నీలం చొక్కాలవాళ్లు లేచారంటే అర్థం ఉంది. మా వాళ్లూ లేచారు. పెద్దాయన కూడా లేచాడు. మా జట్టు పైరేట్స్ టోపీ పెట్టుకున్న మా అమ్మాయి చప్పట్లు కొడుతోంది.

"వాళ్లకెందుకే చప్పట్లు?" అన్నాను.

"ఓటాని కదమ్మా!" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆ మ్యాచ్ మేమే గెలిచాం, 9-7. బుధవారం 3-0. గురువారం మా పిచ్చర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్ బంతి అందుకున్నాడు, 5-3. మూడుకు మూడు. ఆ ఏడాది 71 గెలిచి 91 ఓడిన జట్టు, అంతకు ముందు ఏడాది ప్రపంచ విజేతలను ఇంటికి పిలిచి మూడు రోజులూ ఓడించి పంపింది. శుక్రవారం ఆఫీసులో నేను నడిచిన నడక చూస్తే ఆ మూడు మ్యాచ్‌లూ నేనే ఆడాననుకోవాలి.

రెండు నెలలు తిరక్కుండానే, నవంబరు 1 రాత్రి, అదే డాడ్జర్స్ టొరంటోలో వరల్డ్ సిరీస్ (కప్పు పోటీ) ఏడో మ్యాచ్‌ను 11వ ఇన్నింగ్స్ దాకా లాగి వరుసగా రెండోసారి కప్పు ఎత్తారు. 1998 నుంచి 2000 దాకా న్యూయార్క్ యాంకీస్ వరుసగా మూడు గెలిచాక అలా నిలబెట్టుకున్నవాళ్లు వీళ్లే.

ఆ మరునాడు ఆదివారం. పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడి క్యాంటీన్ వరుసలో నిలబడి ఉండగా మా స్నేహితురాలి భర్త పట్టుకున్నాడు. ఆయనది హైదరాబాదు, ఇక్కడికి వచ్చాక అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. "చూశారా, డబ్బుతో కప్పు కొనుక్కున్నారు. మా ఫుట్‌బాల్‌లో జీతాలకు హద్దుంది, ఎవరైనా గెలవచ్చు. మీ ఆటకు హద్దు లేదు, అందుకే చచ్చిపోతోంది" అన్నాడు. చేతిలో పులిహోర పళ్లెం లేకపోతే అక్కడే తేల్చుకునేదాన్ని.

ఆయన లెక్కలో తప్పు లేదు. ఓటానికి పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం. అందులో 68 కోట్లు అతను ఆడే పదేళ్లు గడిచాక, 2034 నుంచి ఇస్తారు. బేస్‌బాల్‌లో జీతాలకు పైకప్పు లేదు, ఒక గీత దాటితే పన్ను మాత్రం ఉంటుంది. 2025కి డాడ్జర్స్ మీద పడిన ఆ పన్నే దాదాపు 17 కోట్ల డాలర్లు. మా జట్టులో అందరి జీతాలూ కలిపినా అంత కాదు. అంటే వాళ్లు కట్టే జరిమానా మా సంసారం కంటే పెద్దది.

అయినా ఆయన మాట నాకు సగమే ఎక్కింది. 2001 నుంచి 2025 వరకు 25 సీజన్లలో బేస్‌బాల్ కప్పు 16 వేర్వేరు జట్లకు దక్కింది. యాంకీస్‌కు ఆ పాతికేళ్లలో దొరికింది ఒక్కటి, 2009లో. ఇక అందరికీ ఒకే పర్సు ఇచ్చిన మన ఐపీఎల్ సంగతి? 18 సీజన్లలో పది కప్పులు ముంబై, చెన్నైల ఇళ్లలోనే ఉన్నాయి. అదే పర్సుతో బెంగళూరుకు మొదటి కప్పు కోసం 2025 దాకా పట్టింది. పర్సు సమానం చేస్తే బుర్ర సమానం కాదు కదా.

ఈ ఆటలోనే ఒక సమానత్వం ఉంది. 162 మ్యాచ్‌లలో ఆ డాడ్జర్స్ కూడా గెలిచింది 93. కొలరాడో రాకీస్ అంత ఘోరంగా ఆడి 119 ఓడారు, వాళ్లకూ 43 విజయాలు ఉన్నాయి. ఒక పిచ్చర్ చేతిలో ఆ రోజు బంతి తిరిగితే ఏనుగైనా కూలబడుతుంది. 2001లో సియాటిల్ 116 మ్యాచ్‌లు గెలిచింది, కప్పు పోటీ దాకా కూడా వెళ్లలేకపోయింది. కాబట్టి పెద్ద జట్టు ఎదురుగా నిలబడటం నాకు భయం కాదు. భయమంతా మాఘ మాసంలో. అప్పుడు మా ఊళ్లో మంచు, మైదానం మీద ఎవరూ ఉండరు, మంచి ఆటగాళ్లు అమ్ముడుపోతుంటారు.

ఇది చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

2013లో నా పురుడుకు అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. అమ్మకు వంటింటి పని, పిల్ల పని. నాన్నకు ఏ పనీ లేదు. టీవీలో బేస్‌బాల్ పెట్టి కూర్చోబెట్టాను. వారం రోజుల్లో నియమాలన్నీ పట్టేశారు. మా అదృష్టమో, నాన్న పాదం మహిమో, 1992 తర్వాత పైరేట్స్ మొదటిసారి ప్లేఆఫ్‌కు చేరింది ఆ ఏడాదే. మధ్యలో 20 సీజన్లు వరుసగా ఓటములే ఎక్కువ. నేను ఈ ఊరు వచ్చిన 2006లో మొదటిసారి మ్యాచ్‌కు వెళ్లి, ఓడిపోయామేమని పక్కాయన్ను అడిగితే "మామూలే" అన్నాడు. ఆ మామూలుకు అప్పటికి పద్నాలుగేళ్లు.

అక్టోబరు 1 రాత్రి సిన్సినాటితో ఒకే ఒక్క మ్యాచ్. ఓడితే ఇంటికి. రెండో ఇన్నింగ్స్‌లో స్టేడియం అంతా ఆ జట్టు పిచ్చర్ పేరును రాగం తీయడం మొదలుపెట్టింది: "క్వే...టో, క్వే...టో." అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. తీసుకుని మళ్లీ వేశాడు. ఆ బంతినే మా రసెల్ మార్టిన్ గోడ దాటించాడు. నాన్న ఒళ్లో పసిపిల్లను పెట్టుకుని పకపకా నవ్వారు. "అమ్మా, ఇది అచ్చం మన బండలాగుడు పందెమే. గిత్తల్ని అదిలించినట్టు జనమే అదిలిస్తున్నారు" అన్నారు. 6-2 తో గెలిచాం.

ఆ రాత్రే అనుకుంటాను, ఎవరి జట్టుకు ఎంత డబ్బుందో నేను లెక్క చెబితే కాసేపు ఆలోచించి అన్నారు: "ఎడ్ల పందేల్లో పళ్లు చూసి విభాగాలు చేస్తారు కదమ్మా. రెండు పళ్ల గిత్తలు వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు, సీనియర్ జతలు వేరు. రెండు పళ్ల జతకు సీనియర్ల బండ కట్టరు. ఇక్కడ అందరికీ ఒకటే బండ కట్టారే!" మళ్లీ తనే, "కానీ జనం అర్ధరాత్రి దాకా కదలకుండా కూర్చునేది సీనియర్ జతల కోసమేలే" అని నాలుక కరుచుకున్నారు.

ఈ రెండో మాట పన్నెండేళ్లుగా నాతోనే ఉంది.

ఎందుకంటే 2018 జనవరిలో మా సీనియర్ జతనే అమ్మేశారు. రెండు రోజుల తేడాతో, పిచ్చర్ గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు, ఆండ్రూ మెకచెన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపేశారు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. మెకచెన్ 22 అంకె ఉన్న చొక్కా వేసుకునే నిద్రపోయేది. "ఎందుకు పంపించారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కోల్ తర్వాత యాంకీస్ దగ్గర తొమ్మిదేళ్లకు 32 కోట్ల 40 లక్షల డాలర్లు పుచ్చుకున్నాడు. మా జట్టు చరిత్రలో పది కోట్లు దాటిన మొదటి ఒప్పందం బ్రయన్ రేనాల్డ్స్‌తో, అదీ 2023లో. 2015లో 98 మ్యాచ్‌లు గెలిచి ఒక్క రాత్రిలో షికాగో చేతిలో ఓడినప్పుడు కూడా ఇంత నొప్పి లేదు. ఓటమి వేరు, గిత్తల్ని సంతకు తోలేయడం వేరు.

2025లో స్కీన్స్ సంగతి చూడండి. సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97. లీగ్‌లో ఉత్తమ పిచ్చర్ బహుమతి అతనిదే. అతని ఖాతాలో విజయాలు పది, ఓటములు పది. అతనికి నాలుగు పరుగులు తీసి ఇచ్చే బ్యాటర్లు లేకపోవడం డాడ్జర్స్ తప్పా?

అందుకే నా వాదం పైకప్పు గురించి కాదు, నేల గురించి. ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని పెద్దవాళ్లను కట్టేయడం కంటే, ఇంతకు తగ్గి ఖర్చు పెట్టకూడదని చిన్నవాళ్లకు గీత గీయండి. 2026 డిసెంబరు 1తో ఆటగాళ్ల సంఘానికీ, జట్ల యజమానులకూ మధ్య ఒప్పందం ముగుస్తుంది. పైకప్పు మాట ఎత్తితే సంఘం ఊరుకోదు. 1994లో ఆ గొడవే ముదిరి ఆటగాళ్లు సమ్మెకు దిగితే ఆ ఏడాది కప్పు పోటీయే జరగలేదు. ఇప్పుడూ అందరూ పైకప్పు గురించే మాట్లాడుతున్నారు.

గుడిలో ఆ స్నేహితుడికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మూడు వారాల ముందు, అక్టోబరు 13న, సెలవు పెట్టి ఓక్లండ్ వెళ్లాను. కాలిఫోర్నియాది కాదు, మా ఊళ్లోది. పాత ఫోర్బ్స్ ఫీల్డ్ స్టేడియం గోడ అక్కడ యూనివర్సిటీ పక్కన కొంత మిగిలి ఉంది. 1960లో అదే తేదీన, కప్పు పోటీ ఏడో మ్యాచ్‌లో, 9-9 మీద మా బిల్ మెజరోస్కీ కొట్టిన బంతి ఆ గోడ దాటింది. అవతల ఉన్నది యాంకీస్. ఆ ఏడు మ్యాచ్‌లలో వాళ్ల పరుగులు 55, మావి 27. కప్పు మాది.

ప్రతి ఏడూ ఆ తేదీన అభిమానులు ఆ గోడ దగ్గర చేరి పాత రేడియో ప్రసారం పెట్టుకుంటారు. బంతి గోడ దాటేది సరిగ్గా మధ్యాహ్నం 3:36కి రావాలని లెక్క చూసుకుని మొదలుపెడతారు. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు. ఏమవుతుందో తెలియనివాడు ఒక్కడూ లేడు. అయినా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ స్కోరు సమం చేయగానే నా పక్కనున్న ఆవిడ "అయ్యో దేవుడా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరవై అయిదేళ్ల కిందటి పరుగుకు.

ఆ రాత్రి ఇంట్లో బట్టలు మడతపెడుతూ మిల్వాకీలో డాడ్జర్స్ ప్లేఆఫ్ మ్యాచ్ చూశాను. ఎదురుగా సీజన్లో అందరికంటే ఎక్కువ, 97 గెలిచిన బ్రూయర్స్. చిన్న ఊరి జట్టు, డాడ్జర్స్‌ను ఆ ఏడాది ఆరుకు ఆరు ఓడించినవాళ్లు. చివరి ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 2-1తో ముందున్నారు, బ్రూయర్స్‌కు బేస్‌లు మూడూ నిండి ఉన్నాయి. మడతపెట్టిన దుప్పటి మళ్లీ విప్పేశాను. స్ట్రైక్ అవుట్. అయిపోయింది.

తెనాలిలో అప్పటికి తెల్లవారింది. నాన్న నుంచి మెసేజ్: "ఎవరు?"

"సీనియర్ జతే" అని కొట్టాను.

"రేపు ఎన్ని గంటలకు?" అని వచ్చింది.