ఎంసీబీలన్నీ దించేసినా ట్రిప్: డీబీ పని, ఆరో వారం

దొరికింది! పదిహేడు రోజులు మాటిమాటికీ కరెంటు ట్రిప్ చేయించి మా ఇంటిని ఆటాడించింది ఒక స్క్రూ. ఒకటిన్నర అంగుళం పొడుగు, మొన దగ్గర కాస్త తుప్పు. ఇప్పుడు నా టేబుల్ మీద అగ్గిపెట్టెలో ఉంది. పారేయమని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. పారేయను.

ముందు మంచి వార్తలు ఒక్క ముక్కలో: పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల బోర్డు పోయింది, 12 వే డీబీ (ఇంట్లో సర్క్యూట్లకి కరెంటు పంచే బోర్డు, పన్నెండు గడులది) గోడలో కూర్చుంది, గీజరుకి, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం వైర్లు విడివిడిగా లాగాను, బరువంతా సరిగానే మోస్తోంది. మీటరు పక్కనున్న మెయిన్ దగ్గర నుంచి డీబీ పైకొచ్చే వైరు మాత్రం మా లైసెన్స్ వైర్‌మన్ అన్నే కట్టాడు. అటువైపు నేను చెయ్యి పెట్టను. మీటరు సీలు ఛాయలకి కూడా పోను.

ఇక ట్రిప్ సంగతి. లోపల 32 ఆంప్స్ డబుల్ పోల్ ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), దాని కింద 40 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే పడే స్విచ్), ఆ తర్వాత ఎనిమిది సింగిల్ పోల్ ఎంసీబీలు. మల్కాజ్‌గిరిలో మా ఇల్లు 1994లో కట్టింది. ఇంటికి ఆర్‌సీసీబీ పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టిన మర్నాడు పొద్దున ఆరున్నరకి గీజరు వేశారు, ఠక్కుమని ఇల్లంతా పోయింది. మళ్లీ ఎత్తి గీజరు వేస్తే పడింది. ఇంకోసారి వేస్తే నిలబడింది. మూడింట రెండుసార్లు పడటం, ఒకసారి నిలబడటం, ఇదే వరస వారమంతా.

ఎవరైనా గీజరునే అనుమానిస్తారు, నేనూ అదే చేశాను. 2 కిలోవాట్ల గీజరు, దాదాపు 8.7 ఆంప్స్ తీసుకుంటుంది. వైర్లు విప్పి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టాను, ఫేజ్ నుంచి ఎర్త్‌కి 100 మెగోమ్ పైనే. అంటే ఎలిమెంట్ బంగారంలా ఉంది. అయినా నమ్మకం కుదరక గీజరుని పూర్తిగా విడగొట్టి పక్కన పెట్టాను. మర్నాడు ఇండక్షన్ స్టవ్ ఫుల్‌లో పెడితే ట్రిప్. ఇస్త్రీ పెట్టె, 1000 వాట్లది, గంటసేపు నడిచినా ఏమీ కాలేదు. మిక్సీకీ కాలేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఒక్కోటీ ప్లగ్ తీసి చూశాను, తేడా లేదు. ఎనిమిది సర్క్యూట్ల ఫేజ్‌లన్నిటికీ మెగ్గర్ పెట్టాను (పెట్టే ముందు టీవీ, రౌటరు, ఎల్ఈడీలు అన్నీ తీసేయాలి, 500 వోల్టులు వాటికి ప్రాణం మీదికి తెస్తాయి). అన్నిట్లోకీ తక్కువ వచ్చింది 40 మెగోమ్. అంతా శుభ్రం.

అప్పుడు నాకు తోచిన తెలివైన ఆలోచన ఏంటంటే, ఆర్‌సీసీబీదే తప్పు అని. ట్రూప్ బజార్ వెళ్లి రెండు వేల పైచిలుకు పెట్టి ఇంకోటి తెచ్చాను. మార్చాను. ఇదీ పడింది. ఆ డబ్బు దండగ అనుకోలేదు, స్పేర్‌గా ఉంటుందని అమ్మకి చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

పన్నెండో రోజు రాత్రి ఎనిమిదింటికి విషయం మలుపు తిరిగింది. విసుగొచ్చి ఎనిమిది ఎంసీబీలూ కిందికి దించేసి, ఆర్‌సీసీబీ ఒక్కటి ఎత్తాను. ఇంట్లో ఒక్క బల్బు లేదు, ఫ్యాను లేదు. టార్చి వెలుగులో దాన్నే చూస్తూ నిల్చున్నాను. ఐదారు సెకన్లయిందో లేదో, ఠక్! ఎవరో వెనక నుంచి భుజం తట్టినట్టు ఉలిక్కిపడ్డాను. ఏ సర్క్యూట్‌కీ ఫేజ్ వెళ్లట్లేదు, మరి లీకయ్యేది ఏంటి?

వైర్‌మన్ అన్నకి ఫోన్ చేశాను. భోంచేస్తున్నట్టున్నాడు.

"అన్నా, అన్ని ఎంసీబీలు దించినా పడుతోంది."

"ఎంసీబీ దేన్ని కోస్తది సార్?"

"ఫేజ్‌ని."

"మరి న్యూట్రల్‌ని ఎవరు కోస్తరు? రేపు పొద్దుగాల మెయిన్ బంజేసి న్యూట్రళ్లు పీకి సూడుండ్రి."

అంతే, పెట్టేశాడు. పన్నెండు రోజుల నా మెగ్గర్ విద్య మీద నీళ్లు చల్లాడు.

జరుగుతున్నది ఇదీ. న్యూట్రల్ అంటే సున్నా వోల్టులు అని మనం అనుకుంటాం. సున్నా అయ్యేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, ఎర్త్ చేసిన చోట. అక్కడి నుంచి మా ఇంటిదాకా వచ్చే వైరుకి ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, అందులో కరెంటు పారితే మా డీబీలో న్యూట్రల్ భూమి కంటే కాస్త పైకి లేస్తుంది. లోపల ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగిలి ఉంటే, ఆ కాస్త వోల్టేజి చాలు, కొంత కరెంటు ఆ దొంగదారిన పోతుంది. ఫేజ్‌లో వెళ్లిందానికీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందానికీ లెక్క తప్పుతుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. ఫేజ్ అసలు లేకపోయినా పడుతుంది, ఎందుకంటే వీధి వాళ్లందరి కరెంటూ ఆ న్యూట్రల్‌ని ఎత్తుతూనే ఉంటుంది.

మల్టీమీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టులు కొలిచాను. తెల్లవారి ఐదున్నరకి 0.7. అదే టైములో గీజరు వేయిస్తే 2.3. రాత్రి ఎనిమిదింటికి, వీధంతా ఏసీలూ నీళ్ల మోటార్లూ నడుస్తుండగా, మా ఇంట్లో ఏమీ లేకుండానే 2.8. గీజరు ఒక్కటే 1.6 వోల్టులు పెంచిందంటే 8.7తో భాగిస్తే మా న్యూట్రల్ దారి మొత్తం 0.18 ఓమ్ ఉందన్నమాట. ఇస్త్రీ పెట్టె 4.3 ఆంప్స్, అది పెంచేది 0.8 మాత్రమే. అందుకే ఇస్త్రీకి పడలేదు, గీజరుకి పడింది. పాపం గీజరు.

ఇక్కడ నా సొంత వెధవ పని ఒకటి ఒప్పుకోవాలి. మూడో రోజే న్యూట్రల్ బార్‌కీ ఎర్త్ బార్‌కీ (డీబీలో న్యూట్రల్ వైర్లన్నీ ఒకదానికి, ఎర్త్ వైర్లన్నీ ఇంకోదానికి బిగించే కడ్డీలు) మధ్య ఓమ్స్ చూశాను. అప్పుడు ఆర్‌సీసీబీ ఎత్తే ఉంది. మీటరు ఏవేవో అంకెలు చూపించి చివరికి చాలా తక్కువ ఓమ్స్ దగ్గర ఆడింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ అయ్యే ఉంటుంది కదా, తక్కువే వస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లైన్ ఉండగా ఓమ్స్ కొలవడమే తప్పు. కొలవాల్సింది ఆర్‌సీసీబీ దించాక, ఎందుకంటే అది ఫేజ్, న్యూట్రల్ రెండు పోల్స్‌నీ కోస్తుంది. అప్పుడు ఇంటి న్యూట్రల్ ఊరి న్యూట్రల్ నుంచి పూర్తిగా తెగిపోతుంది.

పదమూడో రోజు మీటరు దగ్గర మెయిన్ ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, ఇన్వర్టరు కూడా ఆపేశాను (దీన్ని మర్చిపోతే డీబీలో వెనక నుంచి కరెంటొస్తుంది, జాగ్రత్త). ముందు మల్టీమీటరుని పనిచేస్తున్న సాకెట్‌లో చూసుకుని, తర్వాత డీబీలో చూసి, మళ్లీ కరెంటున్న వేరే చోట చూసుకున్నాను. కరెంటు లేదని రూఢి చేసుకున్నాకే చెయ్యి పెట్టాను. అప్పుడు న్యూట్రల్ బార్ నుంచి ఎర్త్‌కి చూస్తే 112 ఓమ్స్. లెక్క వేయండి: 0.7 వోల్టులకి 6 మిల్లీఆంప్స్, 2.3కి 20, 2.8కి 25. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ 15 దాకా పడకూడదు, 30కి పడి తీరాలి, మధ్యలో దాని ఇష్టం. గీజరుకి మూడింట రెండుసార్లు ఎందుకు పడిందో ఆ కాగితం మీద చూసి ఒక్కడినే నవ్వుకున్నాను.

బార్ మీద తొమ్మిది నల్ల వైర్లు. ఎనిమిది సర్క్యూట్లవి, ఒకటి ఇన్వర్టరుది. ఏది ఎక్కడికి పోతుందో ఒక్కదాని మీదా రాయలేదు, బిగించిన రోజు తొందరలో ఉన్నాను. ఒక్కోటీ పీకి మీటరు పెట్టాను. ఆరు వైర్లకీ ఓవర్‌లోడ్ చూపించింది, అంటే తెగిపోయిన దారి, మంచిదే. ఏడోది 112. హాలు సర్క్యూట్.

హాల్లో ఐదు స్విచ్ బోర్డులు. మధ్యలో ఉన్న దాన్ని విప్పి న్యూట్రల్‌ని విడగొట్టి, ఏ సగంలో ఉందో చూశాను. టీవీ వైపు. రెండేళ్ల కింద టీవీ బోర్డు నేనే మార్చాను. గోడలో ఇనప బాక్సు, దానికి ఎర్త్ లగ్గు కూడా నేనే బిగించి మురిసిపోయాను. ప్లేటుతో వచ్చిన స్క్రూల్లో ఒకటి సోఫా కిందకి దొర్లిపోతే, పాత బిస్కెట్ డబ్బాలోంచి పొడుగాటిది తీసి వేశాను. ఆ రోజు బాగానే గుర్తుంది, చివర్లో కాస్త బిగుతుగా తిరిగింది, భలే పట్టిందనుకున్నాను.

పట్టింది నిజమే, నల్ల వైరుని. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఇన్సులేషన్‌లో స్క్రూ మొన దిగి, లోపల రెండు మూడు పోగులకి తగిలింది. చుట్టూ ఆవగింజంత ఆకుపచ్చ చిలుము. మొన మీది తుప్పు వల్ల పూర్తిగా కలవక 112 ఓమ్స్ దగ్గర ఆగింది. వేలితో ప్లేటుని తడితే మీటరు 90కి దిగి 300కి ఎగిరింది. అదే మొన రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఎర్ర వైరులో, అంటే ఫేజ్ లో, దిగి ఉంటే? ఆ ఇల్లు రెండేళ్లు ఆర్‌సీసీబీ లేకుండా నడిచింది. మా వాడు ఆ ప్లేటు మీద చెయ్యి పెట్టి టీవీ ఆన్ చేస్తుంటాడు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

వైరు మొత్తం కొత్తది లాగాను, టేపు చుట్టి వదిలేయలేదు. అన్ని బోర్డులూ విప్పి స్క్రూలు చూశాను, బెడ్‌రూమ్‌లో ఇంకో పొడుగుది దొరికింది, అది దేన్నీ తాకలేదు. నాలుగు రోజులుగా ఒక్క ట్రిప్ లేదు. అన్న దగ్గర లీకేజి క్లాంప్ మీటరు అడిగి తెచ్చి, ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పట్టి చూశాను: రాత్రి ఎనిమిదింటికి 2.6 మిల్లీఆంప్స్. ఇది ఎల్ఈడీలు, వాషింగ్ మెషీన్ ఫిల్టరు ఇచ్చేది, మామూలే.

నా అభిప్రాయాలు కొన్ని. లెగ్రాండ్ డీబీ లోపల చెయ్యి పెట్టడానికి చోటు బాగుంది, హ్యావెల్స్ ఎంసీబీ లివర్ నాకు ఎక్కువ నచ్చింది, రెండూ ఒకే బోర్డులో వాడొద్దని మాత్రం అన్న తిట్టాడు, బస్‌బార్ (ఎంసీబీలన్నిటినీ కలిపే రాగి పట్టీ) పళ్లు సరిగా కూర్చోవట. ఒప్పుకున్నాను. ఫినోలెక్స్ వైరు ఇన్సులేషన్ ఒలిచేటప్పుడు శుభ్రంగా వస్తుంది. మల్టీ స్ట్రాండ్ వైరుని మెలిపెట్టి నేరుగా టెర్మినల్‌లో దూర్చేవాళ్లతో మాత్రం నాకు గొడవే, పిన్ లగ్గు (వైరు కొనకి తొడిగే లోహపు మొన) వేసి క్రింప్ చేయండి, అంటే గట్టిగా నొక్కి పట్టించండి. సీసం పూసి బిగించే పద్ధతి ఇంకా ఘోరం, నెమ్మదిగా సర్దుకుని వదులవుతుంది. నా ఎంసీబీలకి 2 న్యూటన్ మీటర్లు అని డేటా షీట్‌లో ఉంది, టార్క్ స్క్రూడ్రైవర్ కొన్నాక తెలిసింది, అంతకుముందు చేత్తో సగమే బిగిస్తున్నానని.

వచ్చే వారం: ఆర్‌సీసీబీ ఒక్కదాని మీద ఇల్లంతా వేలాడకూడదు. దండగ కాదని అమ్మకి చెప్పిన రెండోది ఇప్పుడు పైఅంతస్తుకి పనికొస్తుంది. దానికి న్యూట్రల్ బార్ వేరుగా పెట్టాలి, లేకపోతే రెండూ కలిసి పడతాయి. మెట్ల లైటు నాకు అనుమానం: ఫేజ్ కింద నుంచి, న్యూట్రల్ పై నుంచి తీసుకున్నట్టుంది పాత మేస్త్రి. విడగొట్టక ముందే ఆ రెండు స్విచ్‌ల బాక్సులు విప్పి చూడాలి. గీజరుకి విడిగా ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండు పనులూ చేసేది) పెడదామా అని ఊగుతున్నాను, డీబీలో ఖాళీ గడి మాత్రం ఒక్కటీ లేదు. శనివారం ట్రూప్ బజార్‌లో నాలుగు గడుల చిన్న బాక్సు చూడాలి. ఒక డబ్బా పొట్టి స్క్రూలు కూడా.