ఎగ్జిట్ డేట్

మా ఆడపడుచుకి నా ఉద్యోగం ఇప్పటికీ అర్థం కాదు. "తుఫాను వస్తే మీరు వెళ్లి బియ్యం పంచుతారు కదా వదినా" అంటుంది. నేను పంచను. పంచేవాళ్లని వెతికి పనిలో పెడతాను, హాజరు చూస్తాను, జీతం వేస్తాను, డబ్బులు అయిపోయాక పంపించేస్తాను. పంపించెయ్యడం దగ్గరే నేను ఎక్కువ తప్పులు చేశాను. అందులో ఒకటి ఇక్కడ రాసుకుంటున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఆ చుట్టుపక్కల ఉద్దానం అనే తోటల ప్రాంతంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచి ఒకే దిక్కుకి పడి ఉన్నాయి. ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. జీడి తోటలూ అంతే. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ ఊళ్ల కుర్రాళ్లకి అప్పటికప్పుడు కావలసింది టార్పాలిన్ కంటే నెల జీతం. మా స్వచ్ఛంద సంస్థ నన్ను పలాస పంపింది. సర్వేకి, పంపిణీకి, గోడౌనుకి కలిపి 28 మందిని ఐదు నెలల కాంట్రాక్టు మీద తీసుకోవాలి. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా. జీతం 12,000.

దసరాకి ఇంటికొచ్చిన కుర్రాళ్లు చాలామంది ఊళ్లోనే ఉండిపోయారు. చెన్నైలో, హైదరాబాదులో పని వదిలేసి కూలిన ఇంటి దగ్గర ఆగినవాళ్లు. అందుకని మనుషులకి కొరత లేదు. సిఫారసులకి అసలే లేదు. తర్వాతి ఏప్రిల్లో ఎన్నికలు. చీటీ పట్టుకురాని అభ్యర్థి దొరికితే ఆశ్చర్యపోయేవాళ్లం. చీటీలన్నీ ఒక అట్టపెట్టెలో వేసి, పరీక్ష అయ్యాక తెరుద్దాం అని పక్కన పెట్టాను. ఇప్పటికీ తెరవలేదు.

పరీక్ష అంటే పెద్దదేం కాదు. కరెంటు లేని స్కూలు వరండాలో ఒక సర్వే ఫారం ఇచ్చి, పక్కవాణ్ణి ఇంటి యజమాని అనుకుని నింపమన్నాం. డిగ్రీ చదివినవాళ్లలో సగం మంది పక్కవాడి మొహం చూడకుండానే నింపేశారు.

మందస కొండల మీద సవర గిరిజనుల ఊళ్లున్నాయి. ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరైనా కావాలి. వచ్చింది ఒక్కతే, పదో తరగతి చదివిన అమ్మాయి. మా ఉద్యోగ ప్రకటనలో కనీస అర్హత డిగ్రీ. ఆ అమ్మాయి సవర ఎంత బాగా అడుగుతుందో చూసేందుకు మాలో ఎవరికీ ఆ భాష రాదు. సంతకొచ్చిన ఒక సవర ముసలమ్మని బతిమాలి తీసుకొచ్చి, టీ ఇచ్చి కూర్చోబెట్టాం. ఫారంలో ప్రశ్న, "మీ కుటుంబ ఆదాయ వనరులు ఏవి?" అమ్మాయి ఏదో అడిగింది. ముసలమ్మ నవ్వి వేళ్లు మడుస్తూ చాలాసేపు చెప్పింది. ఏమడిగావని అమ్మాయినే అడిగితే, "సంతకి ఏటేటి మోసుకొస్తావు అనడిగాను మేడం" అంది. నేను ఆ రాత్రి సెల్‌ఫోను లైటులో హెడ్ ఆఫీసుకి మినహాయింపు నోట్ రాశాను, డిగ్రీ ఎందుకు అక్కర్లేదో ఒకటిన్నర పేజీ. రెండు రోజులకి ఒప్పుకున్నారు.

శిక్షణ రోజున గట్టిగా ఒక మాట చెప్పాం: మీ చుట్టాల పేర్లు మీరు రాయకూడదు. ఇలాంటి పనుల్లో అది చాలా అవసరమైన నియమమే. పాపం దాన్ని మావాళ్లు మేం అనుకున్నదానికంటే గట్టిగా పట్టుకున్నారు. నవంబరు మూడోవారంలో బ్యాంకు పాస్‌బుక్కులో పేరు తప్పు పడిందని ఒక కుర్రాడి ఇంటికి వెళ్లాను. వజ్రపుకొత్తూరు మండలం, తీరానికి దగ్గర ఊరు. ఆ వీధి మొత్తం సర్వే చేసింది వాడే. పక్కింటి మీద మా టార్పాలిన్, ఎదురింటి మీద మా టార్పాలిన్. వీళ్ల ఇంటి మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పి ఉంది. సగం మొహమే కనబడుతోంది, మిగతా సగం తాడు కింద మడతపడి ఉంది.

వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "కొడుక్కి ఉద్యోగం వచ్చీసిందని ఊరంతా అనుకుంతన్నారమ్మా. మాకు ఇంటికి కప్పే పట్టా మాత్రం రానేదు" అంది. కోపంగా కాదు. కుర్రాడు తల దించుకుని, "అదేటి మేడం, మా ఇల్లు మేం రాసుకోకూడదు కదా" అన్నాడు.

రాసుకోకూడదు. కానీ ఇంకెవరు రాయాలో మేం చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే లెక్క తీస్తే, మా 28 మందిలో పదకొండు మంది ఇళ్లు జాబితాలో లేవు. మందస టీముని వజ్రపుకొత్తూరుకి, వజ్రపుకొత్తూరు టీముని మందసకి పంపి మళ్లీ రాయించాం. నియామకపత్రంతో పాటు ఒక పేజీ జత చేశాం: నా ఇంటికి నష్టం జరిగింది, వేరే టీము చూడాలి, సంతకం. అంతర్జాతీయ సహాయ సంస్థలు అప్పట్లో పాటించిన ప్రమాణాల పుస్తకంలో సిబ్బందిని న్యాయంగా చూడాలని ఒక వాగ్దానం ఉండేది, తొమ్మిదింటిలో ఎనిమిదోది. అది మా ఆఫీసు గోడ మీద ఫ్రేము కట్టి ఉండేది. ఆ గోడకి వీపు పెట్టుకునే నేను కూర్చునేదాన్ని.

డిసెంబరు 17న పెథాయ్ తుఫాను వచ్చింది. అది తూర్పు గోదావరి కాట్రేనికోన వైపు తీరం దాటింది, మాకు తడిసిన స్టాకు రిజిస్టరు తప్ప వేరే నష్టం లేదు.

ఇక పీఎఫ్. జీతం 12,000 అయితే ఉద్యోగి వాటా 12 శాతం, 1,440. సంస్థ కూడా అంతే కడుతుంది, కానీ అందులో 1,000 పింఛను ఖాతాకి పోతుంది, 440 మాత్రమే పీఎఫ్‌లో చేరుతుంది. ఐదు నెలలకి పింఛను ఖాతాలో 5,000. అప్పటి నిబంధన ప్రకారం సర్వీసు ఆరు నెలలు నిండకపోతే ఆ ఐదువేలు వెనక్కి తీసుకోవడం కుదరదు. మళ్లీ పీఎఫ్ ఉన్న ఉద్యోగం దొరికితే అందులో కలుస్తుంది, లేకపోతే అక్కడే ఉంటుంది. జీడిపప్పు ఒలిచే పనికో, మేస్త్రీ కింద పనికో వెళ్లేవాళ్లకి పీఎఫ్ ఎవరు కడతారు? నేను ఇంకొక్క నెల పొడిగించమని అడిగాను. ఒక్క నెలతో ఆరు నెలలు నిండుతాయని లెక్కగట్టి మరీ పంపాను. దాత సంస్థ నుంచి మర్యాదగా జవాబొచ్చింది: ఏప్రిల్లో పని లేనప్పుడు జీతం ఏ పద్దులో రాస్తారు? వాళ్లదీ తప్పు కాదు. నాకు మాత్రం కోపమే వచ్చింది.

ఆ నిబంధన 2024 జూన్‌లో మార్చారు, ఆరు నెలలు నిండకపోయినా లెక్కగట్టి ఇచ్చేలా. ఆ వార్త చదువుతుంటే పలాస హాజరు పట్టీయే కళ్లముందు తిరిగింది.

ఇక నా తప్పు. పనిలోంచి వెళ్లినవాళ్ల ఎగ్జిట్ డేట్, అంటే పని మానేసిన తేదీ, పీఎఫ్ పోర్టల్లో వెయ్యాలి. అది లేకపోతే వాళ్లు సొంత డబ్బు కూడా పూర్తిగా తీసుకోలేరు. అప్పట్లో అది యజమాని తప్ప ఎవరూ వెయ్యలేరు. ఉద్యోగే వేసుకునే వీలు 2020లో వచ్చింది. మార్చి 31న దిగిపోయిన 25 మందికీ వేశాను. ఫిబ్రవరిలోనే మానేసి వలస వెళ్లిన ముగ్గురు నా మార్చి జాబితాలో లేరు, నాకు గుర్తుకే రాలేదు. ఆగస్టులో ఒక ఫోన్. "మేడం, నెట్ సెంటరోడు ఎగ్జిట్ డేటు నేదంతన్నాడు. నాను పని మానీసి ఆర్నెల్లయిందని సెప్పినా వినడం నేదు." ఫ్లెక్సీ ఇంటి కుర్రాడే. చెన్నై నుంచి. ఆ నెల ఇంటి అద్దె అడ్వాన్సుకి ఆ డబ్బు కావాలి వాడికి. నాకు పట్టిన టైము నాలుగు నిమిషాలు. మిగతా ఇద్దరూ అడగనే లేదు, నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒకతని నంబరు మారిపోయింది, వాళ్ల ఊరి డీలరు ద్వారా కబురు పంపాను.

నిజానికి అప్పటికి పలాస ఫైళ్లు చూసే మనిషి లేరు. ప్రాజెక్టు అయిపోతే ముందు తీసేసేది అడ్మిన్ అసిస్టెంటునే. టార్పాలిన్ అయితే సహాయం కిందకొస్తుంది, దాన్ని మోసినవాడి పీఎఫ్ కాగితం మాత్రం పరిపాలన ఖర్చు. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించి ఆ ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దించారు. దుబారా చేసే సంస్థలు లేవని నేననను, చూశాను కూడా. కానీ ఆ కోతలో ముందు పోయేది ఎగ్జిట్ డేట్ వేసే మనిషే.

పోయిన నెల మందస అమ్మాయి ఫోన్ చేసింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలట. ఏదో పోస్టుకి దరఖాస్తు పెడుతోంది, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ వానకి తడిసి అంటుకుపోయిందట, ఇంకోటి కావాలంది. పాత ఫైల్లో చూసి టైపు చేస్తుంటే మళ్లీ చేసింది. "మేడం, అందులో ఎన్యూమరేటర్ అని మాత్రమే ఉండేది. సవరలో మాట్లాడినట్టు రాస్తారేటి?" నియామకపత్రంలో సర్వే చేసే ఎన్యూమరేటర్ అనే ఉంది, సవర మాట లేదు. లేనిది సర్టిఫికెట్లో రాయకూడదు. ఫైలు అడుగున ఆ ఒకటిన్నర పేజీ మినహాయింపు నోట్ ఇంకా ఉంది, హెడ్ ఆఫీసు ఆమోదముద్రతో. దాని తేదీ వేసి, రెండో లైన్లో రాశాను: సవర భాషలో సర్వే నిర్వహించారు.