మూఢంలో శుక్రుడు ఎక్కడికెళ్లాడు?

పోయినేడు ఆగస్టు రెండో వారం. శ్రావణ మాసం పెళ్లి, తెల్లవారుజాము ముహూర్తం. టీ తాగుదామని మండపం బయటికొస్తే తూర్పున రెండు దీపాలు పక్కపక్కనే వెలుగుతున్నాయి. "అన్నా, మనకి చెప్పకుండా రెండు డ్రోన్లు పెట్టారా?" అన్నాడు మా అసిస్టెంటు కుర్రాడు. డ్రోన్లు కావు. ఒకటి శుక్రుడు, రెండోది గురుడు.

నేను పెళ్లి ఫొటోగ్రాఫర్ని, మాది తణుకు పక్కన పల్లె. ఆ వేగుచుక్కే నవంబరు ఆఖరి వారానికి మాయమై శుక్ర మూఢం తెచ్చిపెట్టింది. మొన్న ఫిబ్రవరి మధ్య దాకా పెళ్లిళ్లు లేవు. రెండు బారసాలలు, ఒక కాలేజీ ఫంక్షను, అంతే. కెమెరా ఈఎంఐకి మూఢం ఉండదు కదా.

ఖాళీగా కూర్చుని క్యాలెండరులో మూఢం మొదలు, ఆఖరు గుర్తుపెట్టి నడిమి రోజు లెక్కేశాను. జనవరి 6 దగ్గర పడింది. శుక్రుడు సరిగ్గా సూర్యుడి వెనక్కి వెళ్లిన రోజు కూడా అదే! ఏదో కనిపెట్టినట్టు పంతులు గారికి చెబితే నవ్వేశారు. "మూఢం అంటే ఏమనుకున్నావు నాయనా? సూర్యుడి వెలుగులో పడి గ్రహం కనబడకపోవడమే." ఇరవై ఏళ్లుగా మూఢాన్ని తిట్టుకుంటున్నాను గానీ ఒక్కసారీ ఆ మాట అడగలేదు.

నాకు అర్థమైన లెక్క ఇది. అగ్నిహోత్రం చుట్టూ వధూవరులు తిరుగుతుంటే నేను వాళ్లకి బయట, అదే వైపుకి, కాస్త నెమ్మదిగా తిరుగుతూ ఫొటోలు తీస్తుంటాను. వాళ్లు మంటకి కుడిపక్కనో, ఎడమపక్కనో, ముందో, వెనకో ఉంటారు. నా వీపు వెనక మాత్రం ఎప్పుడూ ఉండరు. మంట సూర్యుడైతే నేను భూమి, శుక్రుడూ ఆ వధూవరుల్లాగే. నడిరేయి అంటే మనం సూర్యుడికి వీపు పెట్టడమే, అందుకే అప్పుడు కనబడడు. సూర్యుడికి తూర్పున ఉంటే సాయంత్రం చుక్క, పడమట ఉంటే వేగుచుక్క. మహా అయితే 47 డిగ్రీలు దూరం జరుగుతాడు. చెయ్యి చాపి కొలిస్తే రెండు జానల మీద నాలుగు వేళ్లు. బుధుడైతే 28 డిగ్రీలు కూడా దాటడు, అందుకే చాలామంది అతన్ని చూసి ఉండరు.

శుక్రుడు సూర్యుడికి అవతల ఉన్నప్పుడు మనకి 25 కోట్ల కిలోమీటర్ల పైనే దూరం. అంత దూరాన ఎంత నడిచినా కదిలినట్టే ఉండడు, వెలుగులోంచి బయటపడడానికి నెలలు పడుతుంది. ఇవతలి నుంచి వెళ్తే నాలుగు కోట్ల పైచిలుకే, ఫ్రేములోంచి చటుక్కున తప్పుకుంటాడు. అప్పుడు మూఢం కొద్దిరోజులే. పోయినేడు మార్చిలో అదే జరిగింది.

ఆ మార్చి రెండో వారంలోనే ఒక సాయంత్రం 70-300 లెన్సుతో శుక్రుణ్ణి తీశాను. కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే సన్నటి నెలవంక! పొరపాటున చంద్రుణ్ణి తీశానేమోనని తలెత్తాను. చంద్రుడు ఇంకోచోట, సగానికి పైగా పెరిగి ఉన్నాడు. ఆలోచిస్తే ఇది మాకు రోజూ ఉండే గొడవే, బ్యాక్ లైట్. దీపం వెనక ఉంటే మొహం చీకటై అంచు మాత్రమే మెరుస్తుంది. సూర్యుడికి అవతల దూరంగా ఉన్నప్పుడు, ఆ పెద్ద మూఢానికి అటూ ఇటూ తీస్తే నిండుగా ఉంటాడు గానీ చిన్న చుక్కంతే.

కుజుడు, గురుడు, శని వేరే. వాళ్లు నా వెనక కుర్చీల్లో కూర్చున్న చుట్టాలు, వెనక్కి తిరిగితే చాలు. మొన్న జనవరిలో శుక్రుడు లేని రోజుల్లోనే గురుడు రాత్రంతా వెలిగాడు, అర్ధరాత్రికి నడినెత్తిన. మంటకి అవతలి వరుసలోకి వెళ్లినప్పుడు మాత్రం వాళ్లూ కనబడరు. గురు మూఢం అదే.

మన కంటికి సూర్యుడి పక్కన శుక్రుడు మళ్లీ అదే చోటికి రావడానికి 584 రోజులు పడుతుంది. నిన్న డాబా ఎక్కితే సూర్యుడు దిగిన కాసేపటికి, కొబ్బరాకుల మధ్య బాగా కిందుగా దొరికాడు. ఆగస్టు మధ్యకి సూర్యుడికి బాగా దూరం జరుగుతాడు. అక్టోబరు 24న ఇవతలి నుంచి దాటి, నవంబరుకల్లా మళ్లీ వేగుచుక్క. తెల్లవారుజాము ముహూర్తాలకి వెళ్లేటప్పుడు వ్యానులో ట్రైపాడు ఒకటి అదనంగా పడెయ్యమని కుర్రాడికి ఇప్పుడే చెప్పాను. "పెళ్లికా, చుక్కకా అన్నా?" అంటున్నాడు.