చలిలోకి వెళ్లడం కాదు, తిరిగి రావడమే తంటా

మొదటిసారి మంచులో ఫొటోలు తీసిన రోజు బయట ఉన్నంతసేపూ కెమెరాకి ఏమీ కాలేదు. గదిలోకి వచ్చాకే అయింది.

బయట మైనస్ 12 డిగ్రీలు. రెండు గంటలు తిరిగేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. తీసినవి చూసుకోవాలన్న ఆత్రంలో లోపలికి రాగానే బ్యాగు తెరిచాను. క్షణాల్లో లెన్సు తెల్లబడింది. తుడిచాను, మళ్లీ తెల్లబడింది. అక్కడితో ఆగితే బాగుండేది. అతితెలివికి పోయి లెన్సు విప్పాను, తేమ లోపలికీ చేరింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టడం ఎన్నిసార్లు చూడలేదు! కెమెరాకీ అదే జరుగుతుందని మాత్రం తట్టలేదు.

ఇప్పుడు గుమ్మం బయటే, ఆ చలిలోనే కెమెరాని జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి మూసేస్తాను. పట్టే తేమేదో కవరుకే పడుతుంది. కెమెరా మెల్లగా గది వేడికి రావాలి. రెండు మూడు గంటలైనా సరే, కవరు విప్పను. మెమరీ కార్డు మాత్రం ముందే తీసి జేబులో వేసుకుంటాను. లేకపోతే నా చేతులు ఊరుకోవు.

బ్యాటరీ సంగతి వేరు. 60 శాతం చూపిస్తున్నది ఉన్నట్టుండి ఆరిపోతుంది. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది కాబట్టి ఛార్జ్ ఉన్నా అందదు. లోపలి జేబులో ఒంటి వేడికి కాసేపు ఉంచితే మళ్లీ లేస్తుంది. అందుకే రెండు జేబులో, ఒకటి కెమెరాలో, మార్చి మార్చి వాడతాను. గడ్డకట్టే చలిలో ఉన్నదాన్ని అలాగే ఛార్జింగ్‌కి పెడితే మాత్రం లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు వెచ్చబడనివ్వాలి.

బ్యాటరీకి పనిచేసింది కదా అని కెమెరానీ జాకెట్లో దాచాను ఒకసారి. ఒంటి చెమట ఆవిరంతా దానికి పట్టింది, బయటికి తీయగానే గడ్డకట్టింది.

మంచులో ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుతురు, కూడా ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు). కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తెల్లటి మంచుని బూడిద రంగు చేసేస్తుంది.

లెన్సు మీద రాలిన మంచుని నోటితో ఊదకండి. నేను ఊదాను. శ్వాసలోని తేమ పలచటి పొరలా గడ్డకట్టి, ఆ సాయంత్రం తీసిన ఫొటోలన్నీ పాలలో ముంచినట్టున్నాయి. గాలి ఊదే చిన్న చేతిపంపు బ్యాగులోనే ఉంది, అడుగున.